పెళ్ళిటేపు - పాఠ పరిష్కరణ

1

శిథిలమైన తాళపత్ర గ్రంథాల పరిష్కరణను గురించి మన పండితులు చాలా వ్రాశారు. శిథిలమవుతున్న వీడియోటేపుల పరిష్కరణ మాత్రం సాహిత్య విద్యార్థి పట్టించుకోవలసిన పని కాదని చాలామంది అభిప్రాయం. కిందటి సంవత్సరం వరకూ నాదీ అదే అభిప్రాయం. మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో దొరికిన ఒక పెళ్ళిటేపును కంప్యూటరులోకి ఎక్కించే పనిలో ఆరు నెలలు గడిపిన తర్వాత ఆ అభిప్రాయం మార్చుకోక తప్పలేదు. మాతృక, ప్రత్యంతరం, పాఠాంతరం, లేఖక ప్రమాదం, ప్రక్షిప్తం, గ్రంథపాతం అని తరగతిలో నేను విద్యార్థులకు వల్లెవేయించే మాటలన్నీ ఆ ప్లాస్టిక్ డబ్బా దగ్గర అక్కరకు వచ్చాయి.

బ్రౌను కడపలో సొంత ఖర్చుతో పండితులనూ లేఖకులనూ పెట్టి, ఊరూరి నుంచి వ్రాతప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుడి కుమారసంభవాన్ని 1909లో ప్రకటించిన తర్వాత ఆ కవి కాలాన్ని గురించీ, ఆ కావ్యం ప్రామాణికతను గురించీ దశాబ్దాల తరబడి వాదాలు నడిచాయి. ఆ వాదాల్లో ఎవరు నెగ్గారన్నది ఇక్కడ మనకు ముఖ్యం కాదు. ప్రతిలో ఏమున్నది, పరిష్కర్త ఏం చేశాడు అనే రెండు విషయాలను విడదీసి చూడాలన్న పట్టుదల ఆ వాదాలకు మూలం. ఆ పట్టుదల మనకు వారసత్వంగా వచ్చింది. దాన్ని తాటాకు దగ్గరే ఆపివేయటానికి నాకు కారణం కనిపించటం లేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇది: సామాన్య కుటుంబాల టేపులు మన కాలపు సామాజిక చరిత్రకు ఆధారాలు. వాటిని బాగుచేసేవాడు, తెలిసినా తెలియకపోయినా, పరిష్కర్త బాధ్యత నెత్తిన వేసుకుంటున్నాడు. బాగుచెయ్యటం అనే పేరుతో అతను దేన్ని కత్తిరిస్తున్నాడో మనం అడిగి తెలుసుకోవాలి.

2

ముందు టేపు స్వభావం తెలియాలి. పాలియెస్టరు పొరమీద ఇనుప ఆక్సైడు పొడిని జిగురుతో పట్టించి చేసిన నాడా అది. మన ఇళ్ళల్లో ఉండే వి.హెచ్.ఎస్. టేపు వెడల్పు అరంగుళం. మూడుగంటల క్యాసెట్టులో సుమారు 250 మీటర్ల నాడా ఉంటుంది. యంత్రంలో అది నత్తలాగా సెకనుకు రెండున్నర సెంటీమీటర్ల లోపుగానే జరుగుతుంది. దాన్ని ఆనుకొని ఏటవాలుగా అమర్చిన చిన్న డోలు ఒకటి నిమిషానికి 1500 సార్లు తిరుగుతూ ఉంటుంది. డోలుకు బిగించిన రెండు తలలు నాడామీద అయిమూలగా చాళ్ళు దున్నినట్టు బొమ్మను వ్రాస్తాయి. ఒక్కొక్క చాలు వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యోవంతు. సెకనుకు యాభై చాళ్ళు. బొమ్మ అంతా నాడా నడుమ భాగంలో ఉంటుంది. మాట పై అంచున సన్నని గీతగా ఉంటుంది. చాళ్ళ క్రమాన్ని యంత్రానికి తెలిపే గీత కింది అంచున ఉంటుంది. అంచు నలిగినప్పుడు బొమ్మ చక్కగా కనిపిస్తూనే మాట మాయమవటానికి కారణం ఇదే.

తాటాకుకు చెదపురుగు ఎటువంటిదో టేపుకు తేమ అటువంటిది. గాలిలోని తేమ పీల్చుకొని జిగురు మెత్తబడుతుంది. మన కోస్తా జిల్లాల్లో వానాకాలం తర్వాత క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే నాడా చుట్టమీద తెల్లటి బూజు కనిపిస్తుంది. ఆ బూజుతోనే యంత్రంలో పెట్టి నడిపితే టేపుతోపాటు యంత్రపు తలలు కూడా పాడవుతాయి.

వీడియోటేపు పుట్టింది ఇళ్ళకోసం కాదు. 1956లో అమెరికాలో ఆంపెక్స్ సంస్థ ప్రదర్శించిన మొదటి యంత్రం రెండంగుళాల నాడామీద వ్రాసేది. అది టెలివిజన్ కేంద్రాలకు తప్ప మరెవరికీ అందుబాటులో లేదు. టేపు ఖరీదైన వస్తువు కాబట్టి చెరిపి మళ్ళీ వాడుకోవటం అప్పటి పద్ధతి. బి.బి.సి. 1960లలో, 70లలో తన కార్యక్రమాలు ఎన్నింటినో ఇలాగే చెరిపివేసింది. 1969లో మానవుడు చంద్రుడిమీద కాలుపెట్టినప్పుడు అందిన దృశ్యసంకేతాల మూల టేపులు కూడా తర్వాత చెరిపి వాడుకున్న టేపులలో కలిసిపోయి ఉంటాయని అమెరికా అంతరిక్ష సంస్థే 2009లో తేల్చింది. రాజ్యమూ, పెద్ద సంస్థలూ చరిత్రను జాగ్రత్త చేస్తాయన్న నమ్మకం ఎంత బోలుదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

సంస్థలు పారబోసినదాన్ని ఇళ్ళు దాచిన ఉదాహరణలు కూడా ఉన్నాయి. ఫిలడెల్ఫియా నగరంలో మేరియన్ స్టోక్స్ అనే ఆమె, ఒకప్పుడు గ్రంథాలయంలో పనిచేసి వామపక్ష ఉద్యమాలలో తిరిగిన మనిషి, 1970ల చివర మొదలుపెట్టి 2012లో చనిపోయేదాకా టెలివిజన్ వార్తలను రాత్రింబగళ్ళు టేపులకెక్కించింది. ఆమె ఇంట మిగిలిన క్యాసెట్లు దాదాపు 70,000. అవి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థకు చేరాయి.

ఇళ్ళకు పనికివచ్చే యంత్రాలు 1975లో సోనీవారి బీటామాక్సుతోనూ, 1976లో జె.వి.సి. వారి వి.హెచ్.ఎస్.తోనూ వచ్చాయి. చివరికి బజారులో నిలబడింది రెండోది. బీటామాక్సు యంత్రాల తయారీ 2002లో ఆగిపోయింది. వి.హెచ్.ఎస్. యంత్రాలను చిట్టచివరిదాకా తయారుచేసిన జపాను ఫూనాయి సంస్థ 2016 జూలైలో ఆ పని మానుకొన్నది. తాటాకు చదవటానికి లిపి తెలిసిన కళ్ళూ ఇంత వెలుతురూ ఉంటే సరిపోతుంది. టేపు చదవటానికి దాని జాతి యంత్రమే కావాలి. యంత్రాన్ని బాగుచేసే మనిషీ కావాలి. ఆ ఇద్దరూ ముందు పోతారనీ, టేపు తర్వాత పోతుందనీ లెక్కవేసి, ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర ధ్వని భాండాగారం 2015లో ఒక హెచ్చరిక ప్రకటించి, దానికి 2025ను గడువుగా పెట్టింది.

3

మన ఇళ్ళకు ఈ యంత్రం ఎలా వచ్చింది? మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరులో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలయింది. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపినప్పుడు వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. ఊరి బడి దగ్గరో, పంచాయతీ ఆఫీసు దగ్గరో పెట్టిన ఒక్క పెట్టె ముందు ఊరంతా కూర్చున్న కాలం అది. 1982లో ఆసియా క్రీడలతో రంగుల టెలివిజన్ వచ్చింది. పెట్టె పంచాయతీ అరుగుమీదనుంచి ధనికుల ముందుగదిలోకి మారింది.

దానితోపాటు వచ్చిన క్యాసెట్టు యంత్రానికి ఇంకొక దారి కూడా ఉంది. కోనసీమనుంచీ, కడపనుంచీ, కరీంనగర్, నిజామాబాదు జిల్లాలనుంచీ గల్ఫు దేశాలకు కూలికి పోయినవాళ్ళు తిరిగివస్తూ మోసుకొచ్చిన సామానులో ఈ యంత్రం ఒకటి. ఎడారిలో కాయకష్టం చేసినవాడి ఇంటికి ఇది చేరటానికి కారణం విలాసం ఒక్కటే కాదు. అక్కడున్నవాడికి ఇక్కడి పెళ్ళిని చూపించటానికి మరో సాధనం లేదు. ప్రభుత్వం చేతిలో ఒకే ఒక్క టెలివిజన్ ఉన్న ఆ రోజుల్లో క్యాసెట్టు మరో విధంగా కూడా స్వతంత్ర సాధనమయింది. 1988లో మొదలైన ‘న్యూస్‌ట్రాక్’ వార్తాపత్రిక కాగితంమీద కాక క్యాసెట్టుమీద వెలువడటానికి కారణం, ఆకాశవీధి అంతా ప్రభుత్వపు గుత్తసొత్తుగా ఉండటమే.

అయితే మన పల్లెల్లో వీడియో కెమేరా ప్రధానంగా పెళ్ళి సామగ్రిలో భాగంగా స్థిరపడింది. మేళం, వంట, పందిరి, వీడియో. పట్నంనుంచి భుజాన కెమేరా పెట్టుకొని ఒకతను వచ్చేవాడు. అతని వెంట మండే లైటు ఎత్తిపట్టుకొని, తీగ ఈడ్చుకుంటూ ఒక కుర్రవాడు తిరిగేవాడు. ఆ లైటు ఎటు తిరిగితే అటు జనం జుట్టు సర్దుకొనేవారు. లైటు పడినవాళ్ళు పెళ్ళికి వచ్చినవాళ్ళలో లెక్క. పడనివాళ్ళు పెళ్ళికి పనిచేసినవాళ్ళు. లైటు ఎవరిమీద పడాలో నిర్ణయించేది డబ్బు ఇచ్చే ఇంటిపెద్ద. ఆనాటి పెళ్ళిటేపులు ఏ నాలుగు చూసినా ఈ విభజన కనిపిస్తుంది.

పెళ్ళి అయిన తర్వాత అసలు కథ పట్నంలో జరిగేది. కెమేరాలో తీసిన టేపును ఒక యంత్రంలో పెట్టి, కావలసిన ముక్కలను రెండో యంత్రంలోని టేపుమీదికి ఎక్కించేవారు. పేర్లూ, పువ్వులూ, హృదయాకారాలూ చేర్చేవారు. ఎక్కించిన ప్రతిసారీ బొమ్మ కొంత మసకబారేది. లేఖకుడు ప్రతినుంచి ప్రతి వ్రాస్తున్నకొద్దీ తప్పులు పెరిగినట్టే ఇదీ. ఆపైన మాటల గీతను చెరిపి, దానిమీద సినిమా పాటలు పెట్టేవారు. మంత్రాలూ, మేళమూ, ఆడవాళ్ళ పాటలూ, పందిట్లో గొడవా, అన్నీ ఆ పాటల కింద కాదు, ఆ పాటల వల్ల పోయాయి. ఆ తేడా చాలామందికి తెలియదు. కింద ఉన్నది మళ్ళీ తియ్యవచ్చుననుకుంటారు. టేపుమీద ఒక శబ్దం చెరిపి మరొకటి వ్రాస్తే కింద ఏమీ మిగలదు. కెమేరా టేపు ఉంటే ఆశ ఉండేది. దాన్ని వచ్చేవారం ఇంకో పెళ్ళికి వాడుకొనేవారు. బి.బి.సి. చేసిన పని చిన్న ఊరి స్టూడియో కూడా అదే కారణంతో చేసింది.

ఈ నష్టం ఎంతటిదో ఒక్కసారి ఆలోచించండి. నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు వంటివారు పల్లెలు తిరిగి నోటిపాటలు సేకరించారు. ఆ పాటలు పాడే చివరి తరం ఆడవాళ్ళు పెళ్ళిపందిళ్ళలో కెమేరా ఎదుట కూర్చొని పాడారు. యంత్రం వాటిని పట్టింది కూడా. పట్టినదాన్ని మనమే డబ్బిచ్చి చెరిపించుకున్నాం.

4

ఇక మా టేపు సంగతి. అది 1991 వేసవిలో, కృష్ణా డెల్టాలోని మా ఊళ్ళో, మా ఇంటిముందు పందిట్లో జరిగిన మా మేనత్త పెళ్ళి. నాకప్పుడు మూడేళ్ళు. నాయనమ్మ 1996లో పోయింది. ఆమె గొంతు మరెక్కడా లేదు. అప్పగింతల పాటలకు ఆమె పెట్టింది పేరని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ టేపుకోసం నేను ఎందుకంత తాపత్రయపడ్డానో పాఠకులు ఊహించగలరు.

క్యాసెట్టు అంచున బూజు ఉంది. అయిదు మరలు విప్పి, చుట్టను బయటికి తీసి, బూజు తుడిచి, శుభ్రమైన మరో డబ్బాలోకి మార్చాను. పాత యంత్రాన్ని బాగుచేయించటానికి రెండు నెలలు పట్టింది. తలలను స్పిరిటుతో తుడిచి, ముందు పనికిమాలిన టేపు ఒకటి నడిపి చూసి, తర్వాత దీన్ని పెట్టాను. పాత టేపులో గీతలు ఒక దారిన నిలవక వణుకుతాయి. ఆ వణుకును సరిదిద్దే పరికరం ఒకటి మధ్యలో ఉండాలి. కంప్యూటరులోకి వచ్చేటప్పుడు ఏమీ నష్టపోని పద్ధతిలో దాచాలి. గంట నిడివికి ఇరవై, ముప్ఫై గిగాబైట్ల చోటు పడుతుంది. చూసుకోవటానికి చిన్నప్రతి తర్వాత తీసుకోవచ్చు.

అప్పగింతల ఘట్టం వచ్చింది. నాయనమ్మ పెదవులు కదులుతున్నాయి. కళ్ళు తుడుచుకుంటూ పాడుతున్నది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అందుకుంటున్నారు. వినిపిస్తున్నది మాత్రం ఒక సినిమా యుగళగీతం. నేను అంతకుముందు చెప్పిన ప్రక్షిప్తం ఇదే. మూలాన్ని మింగి కూర్చున్న ప్రక్షిప్తం.

కాని స్టూడియోవాడు ఒకచోట ఏమరుపాటున ఉన్నాడు. ఒక పాట అయిపోయి రెండో పాట మొదలయ్యేలోపల పదకొండు సెకన్లు అతను ఏమీ వెయ్యలేదు. ఆ పదకొండు సెకన్లలో పందిరి శబ్దం అలాగే ఉండిపోయింది. పిల్లల ఏడుపు, దూరంగా మేళం, గిన్నెల చప్పుడు, వాటిమధ్య నాయనమ్మ గొంతు. ఇత్తడి బిందె చంకనపెట్టుకొని గుంజ దగ్గర నిలబడ్డ ఒక మనిషిని పేరు పెట్టి పిలిచి, ఆమె ఇలా అంటున్నది:

“ఒసే, పక్కకి జరగవే. వీడియోలో పడుతున్నావు.”

ముప్ఫై ఏళ్ళ తర్వాత నాకు దక్కిన నాయనమ్మ మాట అది. ఆ బిందె మనిషి మా పొలంలోనూ ఇంట్లోనూ పనిచేసిన ఆమె. మాట వినగానే ఒక చిరునవ్వు నవ్వి ఎడమవైపుకు తప్పుకున్నది.

ఇంకొక సంగతి ఉంది. పాత టెలివిజన్ పెట్టెలు బొమ్మ అంచులను నాలుగువైపులా కొంతమేర చట్రం వెనక దాచేవి. అందువల్ల టేపులో ఉన్న బొమ్మంతా ఆ పెట్టెల్లో మనం ఏనాడూ చూడలేదు. కంప్యూటరు మొత్తం బొమ్మను చూపిస్తుంది. మా ఇంట్లో ఈ టేపు ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. ఆమె తప్పుకోవటంతో ఆమె కథ అయిపోయిందనే అందరూ అనుకున్నారు. అయిపోలేదు. ఎడమ అంచున, నల్లటి పట్టీ పక్కన, ఆమె భుజమూ, ఒక చెయ్యీ, బిందె అంచూ ఆ తర్వాత నాలుగు నిమిషాలపాటు కనిపిస్తూనే ఉన్నాయి. అప్పగింతలు పూర్తయ్యేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది. నాయనమ్మ పాటకు ఆ చెయ్యి బిందెమీద తాళం వేస్తున్నదని నాకు అనిపించింది. పాట లేదు కాబట్టి రుజువు చెయ్యలేను. ఇది పరిష్కర్త ఊహ అని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

5

ఇక్కడినుంచి వివాదం మొదలయింది. హైదరాబాదులో ఉంటున్న మా అత్త ఆ పదకొండు సెకన్లు విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: “ఒరే, అమ్మ గొంతు అదొక్కటే మిగిలింది గదా. అది కూడా అలాంటి మాటైతే ఎట్లారా? పిల్లలు వింటే ఏమనుకుంటారు? దాన్ని తీసేసి ఆ పాటే కాస్త పొడిగించు.”

అత్త కోరికలో ప్రేమ ఉంది. దాన్ని నేను కాదనను. కాని మన సాహిత్య చరిత్రలో కూడా పెద్దల పరువుకోసం పద్యాలు తొలగించినవాళ్ళు ఇటువంటి ప్రేమతోనే ఆ పని చేశారు. పచ్చిగా ఉన్నాయని, కులాన్ని తిట్టాయని, రాజును వెక్కిరించాయని పాఠాలను దిద్దినవారికీ కవిమీద ద్వేషం లేదు. ఫలితం మాత్రం ఒక్కటే. చదివేవాడికి అబద్ధపు కాలం ఒకటి దొరుకుతుంది.

టేపులు ‘బాగుచేసే’ ఒక దుకాణానికి వెళ్ళి సలహా అడిగాను. వాళ్ళు చూపించిన పనితనం ఆశ్చర్యం కలిగించింది. అంచుల నల్లపట్టీనీ, కింద మినుకుమినుకుమనే చారనూ కత్తిరించి బొమ్మను పెద్దది చేస్తారు. ఆ కత్తిరింపులో మా బిందె మనిషి చెయ్యి పూర్తిగా పోతుంది. సెకనుకు యాభై చాళ్ళుగా ఉన్న కదలికను సగానికి తగ్గిస్తారు. కృత్రిమ మేధ చేత ముఖాలకు స్పష్టత తెప్పిస్తారు. ఆ స్పష్టత టేపులోది కాదు. లక్షల కొత్త ముఖాలు చూసి యంత్రం నేర్చుకున్న కనుబొమలూ, చర్మమూ తెచ్చి మా నాయనమ్మకు అతికించినది. చివరికి వాళ్ళు మరొక మాట అన్నారు. ఆ పదకొండు సెకన్ల గొంతు చాలునట. పాట ఏదో చెబితే ఆమె గొంతుతోనే పాడించి, పెదవుల కదలికకు సరిపెడతారట.

నేను ఆ రాత్రి నిద్రపోలేదని చెప్పటానికి సిగ్గుపడను. ఆ గొంతులో అప్పగింతల పాట వినాలన్న కోరిక నాకు లేదని అంటే అబద్ధమవుతుంది. కాని గ్రంథపాతం ఉన్నచోట పరిష్కర్త చెయ్యవలసింది చుక్కలు పెట్టటం. సొంతపద్యం వ్రాసి కవిపేర చేర్చినవాణ్ణి మనం ఏమంటామో అందరికీ తెలుసు. నాయనమ్మ పాట ఉన్నచోట నా ప్రతిలో చుక్కలే ఉంటాయి.

తక్కిన దేశాలలో ఇళ్ళ చిత్రాలు చరిత్రకు ఏ విధంగా ఆధారమయ్యాయో చూస్తే ఈ విషయం మరింత తేటపడుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం తన దేశంలోని జపాను సంతతివారిని నిర్బంధ శిబిరాలకు తరలించింది. యూటా ఎడారిలోని టోపజ్ శిబిరంలో డేవ్ టాట్సునో అనే అతను రహస్యంగా తెప్పించుకున్న 8 మిల్లీమీటర్ల కెమేరాతో కుటుంబ చిత్రాలు తీశాడు. 1996లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో దానికి స్థానం దొరికింది. మంచు, పిల్లలు, స్నేహితులు, నవ్వుతున్న ముఖాలు. కాపలావాళ్ళను తీస్తే కెమేరా పోతుంది కనుక వాళ్ళవైపు అతను కెమేరా తిప్పలేదు. ఆ సంగతి తెలిసి చూసినవాడికి ఆ నవ్వుల అర్థం మారిపోతుంది. చట్రంలోకి ఏది రాలేదో, ఎందుకు రాలేదో తెలియటం కూడా పాఠంలో భాగమే.

మా అత్త పెళ్ళి జరిగిన 1991లోనే, మార్చి 3వ తేదీ రాత్రి, లాస్ ఏంజెలెస్ నగరంలో జార్జి హాలిడే అనే అతను తన వసారాలోంచి ఇంటి కెమేరాతో ఒక దృశ్యం తీశాడు. పోలీసులు రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని నేలమీద పడవేసి కొడుతున్న దృశ్యం అది. ప్రపంచమంతా చూసింది. కాని 1992లో విచారణ జరిగినప్పుడు పోలీసుల తరపు న్యాయవాదులు అదే టేపును నెమ్మదిగా, బొమ్మ తర్వాత బొమ్మగా ఆపి చూపించి, ప్రతి దెబ్బకూ ఒక సమర్థన చెప్పారు. పోలీసులమీద మోపిన నేరాలు దాదాపు అన్నీ వీగిపోయాయి. ఊరు భగ్గుమన్నది. టేపు ఉన్నంతమాత్రాన న్యాయం తనంత తాను జరగదని దీనివల్ల తెలుస్తుంది. అదే సమయంలో టేపు లేకపోతే ఆ వాదం పుట్టటానికే అవకాశం ఉండేది కాదు.

మా పందిట్లో జరిగింది అటువంటి ఘోరం కాదు. ఒక మాట. ఒక చిరునవ్వు. పక్కకు ఒక అడుగు. అయినా ఆ అడుగులో మా ఊరి భూమి సంబంధాలు ఉన్నాయి. ఆ ఇంటి అన్నం వండటానికి నీళ్ళు మోసిన మనిషి ఆ ఇంటి జ్ఞాపకంలో పడకూడదు. ఆ నియమం ఎవరూ కాగితంమీద వ్రాయలేదు. నాయనమ్మ దాన్ని కోపంతో అనలేదు, పమిట సర్దుకున్నంత మామూలుగా అన్నది. మా నాయనమ్మ దుర్మార్గురాలని చెప్పటం నా ఉద్దేశం కాదు. నన్ను ఒళ్ళో పెట్టుకొని పెంచిన మనిషి ఆమె. అంత మంచి మనిషి నోట అంత మామూలుగా ఆ మాట వచ్చిందంటే, ఆ వ్యవస్థ ఎంత లోతుగా పాతుకుపోయి ఉండాలి? ఈ ప్రశ్నకు ఆధారం ఆ పదకొండు సెకన్లే. వాటిని తీసివేస్తే ప్రశ్న కూడా పోతుంది.

6

బిందె మనిషి ఎవరో మా అమ్మ చెప్పింది. ఆమె కొన్నేళ్ళ క్రితం పోయింది. కొడుకు ఇప్పుడు తాపీమేస్త్రి. మొన్న సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు కంప్యూటరు తీసుకొని వాళ్ళ ఇంటికి పోయాను. వాళ్ళమ్మ ఫొటో ఓటరు కార్డుమీది చిన్నబొమ్మ తప్ప మరొకటి లేదట. ఆ ఘట్టం వేసి చూపిస్తుంటే నాయనమ్మ మాట రాబోతున్నదని తెలిసి నాకు అరచేతులు చెమటలు పట్టాయి. శబ్దం తగ్గిద్దామా అనుకున్నాను. తగ్గించలేదు.

అతను విన్నాడు. ఒకసారి ఆపమని, మళ్ళీ వెయ్యమని, మూడుసార్లు చూశాడు. భార్యను పిలిచి చూపించాడు. తర్వాత నేను మా అత్త కోరిక సంగతి చెప్పి, అతని అభిప్రాయం అడిగాను. అతను కాసేపు ఆలోచించి అన్నాడు: “పెద్దమ్మగారి మాట తియ్యకండి సార్. ఆ మాట లేకపోతే మా అమ్మ తనంతట తనే పక్కకు పోయినట్టుంటది.”

పాఠ పరిష్కరణను గురించి నేను చదివిన గ్రంథాలలో ఇంత సూటిగా చెప్పిన మాట నాకు కనిపించలేదు. కత్తిరించిన పాఠం అబద్ధం చెబుతుంది. ఎవరో నెట్టితే జరిగినదాన్ని ఇష్టపడి జరిగినట్టు చూపిస్తుంది. మన చరిత్ర పుస్తకాలలో పల్లెలు ఖాళీ అయినట్టూ, వృత్తులు అంతరించినట్టూ, ఆడవాళ్ళ పాటలు ఆగిపోయినట్టూ వ్రాసిన వాక్యాలను ఈ దృష్టితో మళ్ళీ చదవవలసి ఉంది. వాటంతట అవే జరిగినట్టు కనిపించే చోటల్లా ఒక పదకొండు సెకన్లు ఎవరో తీసివేసి ఉంటారు.

చివరగా, ఈ పని చేయబూనేవారికి కొన్ని మనవులు. బూజు ఉన్నదీ లేనిదీ చూడకుండా టేపును నడపవద్దు. మొదటి ప్రతిని ఏ సంస్కారమూ లేకుండా, అంచులతో సహా, మొత్తం బొమ్మగా దాచండి. అందంగా చూసుకోవాలనుకుంటే రెండో ప్రతి వేరే తీసుకోండి. అందులో ఏమేమి మార్చారో ఒక కాగితంమీద వ్రాసి జతపరచండి. కంప్యూటరులోకి ఎక్కింది కనుక ఇక శాశ్వతమనుకోవద్దు. ఆ పళ్ళేలూ చెడిపోతాయి. వేర్వేరు చోట్ల రెండు మూడు ప్రతులుండాలి. పాత క్యాసెట్టును పారవెయ్యవద్దు. కళాశాల గ్రంథాలయాలూ, మన సంఘ శాఖలూ ఒక్కొక్క యంత్రాన్ని నడిచే స్థితిలో ఉంచగలిగితే, దుకాణాల ఖర్చు భరించలేని కుటుంబాలకు మేలు జరుగుతుంది. ముఖ్యంగా, టేపులో కనిపించేవారి పేర్లు ఇప్పుడే అడిగి వ్రాసుకోండి. మా అమ్మ బంధువుల పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పింది. వంటవాళ్ళ దగ్గరికీ, మేళగాళ్ళ దగ్గరికీ వచ్చేసరికి ఆగిపోయింది.

మా టేపు పూర్తిప్రతి ఒకటి మేస్త్రికి ఇచ్చాను. అంచున ఉన్న నాలుగు నిమిషాలనూ విడిగా తీసి ఇవ్వమని అతను అడిగితే అదీ ఇచ్చాను. ఇంకొక పూర్తిప్రతి అత్తకు పంపాను. అందులో నాయనమ్మ మాట ఉంది. అత్త దాన్ని ఇంకా చూడలేదు. చూడమని నేను అడగటం లేదు. నా ప్రతితోపాటు పెట్టిన కాగితంలో తెలిసిన పేర్లన్నీ వ్రాశాను. లైటు పట్టుకున్న కుర్రవాడు ఒకచోట అద్దంలో ఒక్క క్షణం కనిపిస్తాడు. అతని పేరు కోసం ఉన్న గడి ఖాళీగా ఉంది. వేసవి సెలవుల్లో పట్నం వెళ్ళి ఆ పాత స్టూడియోవాళ్ళను వాకబు చెయ్యాలి.